తీపి మానేసినా పళ్లెందుకు పుచ్చాయి?

"తీపి మానేసి పదేళ్లయింది డాక్టరుగారూ! కాఫీలో కూడా పంచదార వేసుకోను. మరి నా పళ్లెందుకు ఇలా పుచ్చిపోతున్నాయి?"

రిటైరైన మేష్టారొకరు నా ఎదుట కూర్చుని అడిగిన ప్రశ్న ఇది. అరవై ఏళ్లు వచ్చేదాకా ఆయనకు పంటినొప్పి అంటే ఏమిటో తెలియదు. ఆ తర్వాత రెండేళ్లలో ఐదు పళ్లు చిగురు అంచున పుచ్చాయి. ఆయనకు మధుమేహం ఉంది. అరికాళ్ల మంటలకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ అనే మాత్ర వేసుకుంటున్నారు. ఆ మాత్ర రాసింది నేనే. దానివల్ల నోరు ఎండుతుందని నాకు తెలుసు. కాని "మీకు నోరు ఎండుతోందా?" అని ఆ రెండేళ్లలో ఒక్కసారైనా ఆయన్ని అడగలేదు.

అప్పుడు అడిగితే అసలు సంగతి బయటపడింది. నోరు పిడచగట్టుకుపోతోందని ఆయన మందులషాపులో దొరికే గొంతుబిళ్లలు రోజంతా చప్పరిస్తున్నారు. అవి మందే కదా అని ఆయన ధీమా. వాటిలో పంచదార ఉందని చూసుకోలేదు. నీరసం వస్తుందేమోనన్న భయంతో రోజుకు మూడుసార్లు బిస్కట్లు కూడా తింటున్నారు. ఇవేవీ ఆయన లెక్కలో 'తీపి' కావు!

పన్ను ఎలా పుచ్చుతుంది?

పన్నుకు పురుగు పట్టిందని మనవాళ్లు అంటూ ఉంటారు. నిజానికి పంటిలో పురుగేమీ ఉండదు. పంటిమీద పేరుకున్న పాచిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులుంటాయి. వాటిలో ముఖ్యమైనది స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. మనం తిన్న తీపిని ఇవి కొద్ది నిమిషాల్లోనే ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, ఖనిజాలను మళ్లీ పంటికి అందిస్తుంది. ఇందుకు సుమారు అరగంట నుంచి గంట పడుతుంది.

కనుక తీపి ఎంత తిన్నామన్నదొక్కటే కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నదీ ముఖ్యమే. భోజనంతోపాటు ఒక లడ్డు తింటే పంటికి జరిగే హాని ఒక్కసారితో పోతుంది. అంతే తీపిని పదిసార్లుగా చప్పరిస్తే పంటికి కోలుకునే వ్యవధే ఉండదు. ఇక లాలాజలమే తగ్గిపోతే కాపాడే దిక్కు ఉండదు. వయసుతోపాటు చిగుళ్లు కిందికి జారి పంటివేళ్లు బయటపడతాయి. వాటికి ఎనామిల్ రక్షణ లేదు కనుక అవి మరీ తేలికగా పుచ్చుతాయి. మేష్టారి విషయంలో జరిగింది ఇదే.

ముప్పును ఎలా అంచనా వేస్తారు?

పుచ్చిన పన్నును పూడ్చి పంపితే వైద్యం పూర్తికాదు. పుచ్చడానికి కారణం అలాగే ఉంటే ఆరునెలలకు పక్కపన్ను పుచ్చుతుంది. అందుకే మంచి దంతవైద్యుడు నోరు చూడటంతోపాటు కొన్ని ప్రశ్నలు కూడా వేస్తాడు. ఇవి మీకు మీరే వేసుకోవచ్చు.

1. గడచిన మూడేళ్లలో కొత్తగా పన్ను పుచ్చిందా? అయితే మరో పన్ను పుచ్చే అవకాశం ఎక్కువ.

2. భోజనానికీ భోజనానికీ మధ్య తీపి పానీయాలు, బిస్కట్లు, చాక్లెట్లు, పంచదార టీ ఎన్నిసార్లు తీసుకుంటున్నారు?

3. నోరు ఎండుతోందా? మానసిక వ్యాధులకు, అలర్జీకి, మూత్రం ఆపుకోలేకపోవడానికి వాడే కొన్ని మందులు లాలాజలాన్ని తగ్గిస్తాయి. తలకు, మెడకు రేడియేషన్ చికిత్స పొందినవారికి ఈ బాధ తీవ్రంగా ఉంటుంది.

4. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముకుంటున్నారా? బొగ్గుపొడి, ఇటుకపొడి వాడితే పంటిపొర అరుగుతుంది.

5. చిన్నపిల్లలైతే, పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతున్నారా? ముందుపళ్ల మీద, చిగురు దగ్గర తెల్లటి సుద్దమచ్చలు ఉన్నాయా? అవి పుచ్చు మొదలవుతోందనడానికి గుర్తు. ఆ దశలో జాగ్రత్తపడితే పన్నుకు రంధ్రం పడకుండా ఆపవచ్చు.

ఫ్లోరైడ్ పేరు చెబితే నల్లగొండ, ప్రకాశం జిల్లాల పాఠకులు ఉలిక్కిపడటం సహజం. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరితే పళ్లకు, ఎముకలకు చేటు. పేస్టు సంగతి వేరు. అది పంటిపైన పనిచేసి, ఉమ్మివేయవలసిన మందు. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్లదాకా బఠానీగింజంత చాలు. పిల్లలు మింగకుండా పెద్దలు దగ్గరుండి చూడాలి. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్లు తాగే ఊళ్లవారు పిల్లల పేస్టు విషయం దంతవైద్యుణ్ణి అడగడం మంచిది.

ముప్పు తక్కువని తేలినవారు ఏడాదికొకసారి చూపించుకుంటే సాధారణంగా సరిపోతుంది. ఎక్కువ ఉన్నవారు మూడు నాలుగు నెలలకొకసారి వెళ్లాలి. వారికి పళ్లమీద ఫ్లోరైడ్ వార్నిష్ పూత వేస్తారు. అవసరమైతే ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న పేస్టు రాసిస్తారు.

మేష్టారికి ఒక పన్ను తీసేయవలసి వచ్చింది. నాలుగు దక్కాయి. ఆయన మాత్ర మార్చాను. గొంతుబిళ్లలకు బదులు మంచినీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగమన్నాను. బిస్కట్లు మాని వేళకు భోజనం చేస్తున్నారు. ఆ తర్వాత కొత్తగా పన్ను పుచ్చలేదు.

నోరు ఎండుతోందని మందును మీకై మీరు మానవద్దు. అది మరింత ప్రమాదం. ఆ సంగతి మీ డాక్టరుకు చెప్పండి. పళ్లు చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు మీరు వాడే మందుల చీటీలన్నీ వెంట తీసుకువెళ్లండి. నాలాగే అడగడం మరచిపోయే డాక్టర్లు ఉంటారు. అందుకని వారు అడగకపోయినా మీరే చెప్పండి.