ఇరవై ఏళ్లకు వినిపించిన పాట

1975వ సంవత్సరంలో కలకత్తా నగరంలో ఏడుగురు యువకులు కలిసి ఒక సంగీత బృందాన్ని నెలకొల్పారు. ఆరేళ్ల కాలంలో వారు వెలువరించిన రికార్డులు మూడు. ఆ మూడింటిలో కలిపి పట్టుమని పది పాటలైనా లేవు. నాటి శ్రోతలలో అధిక సంఖ్యాకులు వాటిని విని పెదవి విరిచారు. 1981లో బృందం చెదరిపోయింది. లోకం దృష్టిలో అది పరాజయమే. అయినా నేడు వంగభాషలో రాక్ సంగీతానికి ఆద్యులెవరని అడిగితే, అందరూ ముందుగా చెప్పే పేరు ఆ బృందానిదే. ఆ పేరు 'మొహీనేర్ ఘోడాగులి'. అనగా 'మొహీనుని గుర్రాలు'.

ఓడిపోయిన పాట ఎలా గెలిచింది? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే కొంత వెనుకకు వెళ్లాలి.

పాశ్చాత్య వాద్యగోష్ఠి మన దేశంలో వేళ్లూనిన తావులలో రెండు ముఖ్యమైనవి. ఒకటి, కలకత్తాలోని పార్క్ స్ట్రీట్ వంటి వీథులలోని హోటళ్లు. రెండవది, రైల్వే పట్టణాలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి ఊళ్లను పెద్ద రైల్వే కేంద్రాలుగా తీర్చిదిద్దింది. పొట్ట చేతపట్టుకొని వచ్చిన తెలుగువారూ, ఇంజను నడిపే ఆంగ్లో ఇండియన్లూ ఆ కాలనీలలో ఇరుగుపొరుగులయ్యారు. ఒక వంక హరికథలు, భజనలు. మరొక వంక రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో బాండు వాద్యాలు, జంట నృత్యాలు. ఇటువంటి ఆంగ్లో ఇండియన్ సమాజాల నుండి వచ్చిన వాద్యకారులు ఎందరో మహానగరాల హోటళ్లలో గిటారు వాయించి జీవించారు.

ఇంతలో పడమటి దేశాలలో ఒక కొత్త గాలి వీచింది. 1960 దశకం నడుమ శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ, లండన్‌లోనూ 'సైకెడెలిక్ రాక్' అనే సంగీత శైలి పుట్టింది. మనసు లోతులను వెలికి తెచ్చేదని ఆ మాటకు అర్థం. సాగదీసిన స్వరాలు, ప్రతిధ్వనించే గిటార్లు, కలలో వలె మారిపోయే తాళగతులు దాని లక్షణాలు. మత్తు పదార్థాల వ్యామోహమనే మచ్చ కూడ దానికి లేకపోలేదు. విచిత్రమేమంటే, ఆ శైలికి ప్రేరణలలో మన సితారు ఒకటి. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ 1966లో పండిత రవిశంకర్ వద్ద శిష్యరికం చేశాడు. ఇక్కడి నాదమే వేషం మార్చుకొని మళ్లీ ఇక్కడికి వచ్చిందన్నమాట. ఒక సిగరెట్టు పేరిట నడిచిన 'సిమ్లా బీట్' పోటీలలో పాల్గొన్న బృందాల పాటలు 1970, 1971లలో రికార్డులుగా కూడ వెలువడ్డాయి. కాని అవి ప్రధానంగా ఇంగ్లీషు పాటలు. గిటారు మన చేతిలోకి వచ్చింది గాని, మన భాష దాని దరి చేరలేదు.

ఆ కొరత గుర్తించినవాడు గౌతమ్ చటోపాధ్యాయ. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజులలోనే ఆయన ఆంగ్లో ఇండియన్ మిత్రులతో కలిసి 'ది అర్జ్' అనే బృందంలో పాశ్చాత్య గీతాలు వాయించేవాడు. తరువాత నక్సల్బరీ ఉద్యమం ఆయనను ఆకర్షించింది, కారాగారవాసం ప్రాప్తించింది. విడుదలైన పిమ్మట వంగదేశం విడిచి జబల్‌పూర్, భోపాల్ నగరాలలో మందుల కంపెనీ ప్రతినిధిగా పనిచేశాడు. నాడు బిలాస్‌పూర్ కూడ ఆ మధ్యప్రదేశ్‌లోని భాగమే. ఇల్లు చేరిన తరువాత సోదరులను, బంధుమిత్రులను కూడగట్టి బృందాన్ని ప్రారంభించాడు. జీవనానందదాస్ రచించిన 'ఘోడా' అనే కవితలోని మాటలను రంజన్ ఘోషాల్ బృందానికి పేరుగా సూచించాడు.

వారి సంగీతంలో గిటారు, సాక్సఫోన్, వయొలిన్‌లతో పాటు పల్లెల్లో తిరిగే బావుల్ గాయకుల బాణీ కూడ ఉంది. గౌతమ్ దానిని 'బావుల్ జాజ్' అని పిలిచేవాడు. ప్రేయసీ ప్రియుల విరహానికి మారుగా నగర జీవనం, ఒంటరితనం, నిరుద్యోగి నిట్టూర్పు పాటలకు వస్తువులయ్యాయి. 1977, 1978, 1979 సంవత్సరాలలో ఏడాదికొకటి చొప్పున రికార్డులు వచ్చాయి. రవీంద్ర సంగీతానికీ, సినిమా పాటలకూ అలవాటుపడిన చెవులకు ఆ ధ్వని కర్ణకఠోరంగా తోచింది. సినిమా అండ లేని పాటకు ఆదాయం ఎక్కడిది? బతుకుదెరువు కోసం ఎవరి దారిన వారు వెళ్లారు. గౌతమ్ చలనచిత్ర రంగంలో ప్రవేశించాడు. ఆయన దర్శకత్వం వహించిన 'నాగమతి' 1983 సంవత్సరానికి ఉత్తమ వంగభాషా చిత్రంగా జాతీయ బహుమతి పొందింది.

పాట మాత్రం చావలేదు. కళాశాల విద్యార్థులు ఆ గీతాలను ఒకరి నుండి ఒకరు నేర్చుకొని పాడుకుంటూనే ఉన్నారు. 1995లో కలకత్తా పుస్తక ప్రదర్శన సందర్భంగా గౌతమ్ 'ఆబార్ బొఛొర్ కుడి పొరే' అనే సంకలనాన్ని వెలువరించాడు. 'మళ్లీ ఇరవై ఏళ్ల తరువాత' అని దాని భావం. ఇక్కడ ఆయన చేసిన పని గమనింపదగినది. కీర్తి చేతికందిన వేళ పాత బృందాన్ని వేదిక ఎక్కించడంతో తృప్తి చెందక, కొత్త తరం గాయకుల చేత పాడించి, బృందం పేరును సంపాదకస్థానంలో నిలిపాడు. ఆ తరువాత వంగభాషలో రాక్ బృందాలు పుంఖానుపుంఖంగా పుట్టుకొచ్చాయి. గౌతమ్ 1999 జూన్‌లో గుండెపోటుతో మరణించాడు. సంకలనంలోని 'పృథిబీటా నాకి' అనే పాట బాణీ 2006లో 'గ్యాంగ్‌స్టర్' అనే హిందీ చిత్రం ద్వారా దేశమంతటా మారుమోగింది. ఆనాడు తమకు అండనివ్వని సినిమాయే వారి బాణీని వెదుక్కుంటూ వచ్చింది.

2023లో మరొక ఘట్టం. బృంద స్థాపకులలో ఒకరైన తాపస్ దాస్ కాన్సరు వ్యాధికి గురైనప్పుడు, ఆయన చికిత్స కోసం అభిమానులు చందాలు పోగుచేశారు; యువ గాయకులు కచేరీలు చేశారు. వారిలో చాలమంది ఆ మూడు రికార్డులు వెలువడిన నాటికి పుట్టనైనా లేదు. ఆయన ఆ జూన్ నెలలోనే కన్నుమూశాడు.

1970 దశకంలో మన తెలుగునాట వంగపండు, గద్దర్ వంటివారు డప్పు, గజ్జెలతో సినిమాకు వెలుపల పాటను నిలబెట్టారు. వాద్యాలు వేరు, దారులు వేరు. తమ మాటను తమ భాషలో పాడాలన్న పట్టుదల ఒక్కటే. ఆ ఏడుగురు యువకులు అరువు తెచ్చుకున్నది గిటారును మాత్రమే. దానిపై పలికించినది సొంత గొంతు. అందుకు తగిన చెవులు పుట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది.