ఇయ్యాల ఏం వారం?

ఆదివారం ఆరాధన ముగిశాక మంచం పట్టిన పెద్దలను చూసి రావడం జహీరాబాదు ప్రాంతపు విశ్వాసుల్లో చాలామందికి అలవాటే. అలా వెళ్లినప్పుడు తరచుగా రెండు మాటలు వింటాం. కూర్చోగానే "పొద్దు గడుస్తలేదు బిడ్డా" అంటుంది అవ్వ. ప్రార్థన చేసి లేవబోతుంటే "ఇయ్యాల ఏం వారం? క్రిస్మస్ మొన్ననే అయినట్టున్నది" అంటుంది. చూస్తే అప్పటికి జూన్ నెల వచ్చేసి ఉంటుంది. పెద్ద వయసు కదా అనుకుని మనం బయటికి వచ్చేస్తాం.

ఆ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగనట్టుంటాయి. ఒక్క పూట గడవని మనిషికి ఆరు నెలలు మొన్నటిలా ఎలా ఉంటాయి? అయినా ఆమె చెప్పిన రెండూ నిజమే. దేవుడు మనకిచ్చిన మెదడు కాలాన్ని ఒకే తీరుగా లెక్కపెట్టదు. ఆ తీరులేమిటో తెలిస్తే మన పరామర్శ కూడా మారుతుంది.

మొదటిది, ఒంట్లోని గడియారం. రెండు కళ్ల నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, మెదడులో చిన్న కణాల గుంపు ఉంది. అందులో ఉండేవి సుమారు 20,000 కణాలే. నిద్ర, ఆకలి, ఒంటి వేడి అన్నీ దాని తాళానికి నడుస్తాయి. చాలామందిలో దాని చుట్టు 24 గంటల కంటే కాస్త ఎక్కువ. కాబట్టి రోజూ దాన్ని సరిదిద్దాలి. ఆ పని చేసేది కంట పడే ఉదయపు వెలుగు. ఈ గడియారం కణం లోపల ఎలా నడుస్తుందో ఈగల్లో పరిశోధించి కనుగొన్న జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. రాత్రి షిఫ్టు నుంచి నేరుగా మందిరానికి వచ్చిన తమ్ముడు ప్రసంగంలో తూగితే అతని భక్తిని శంకించవద్దు. అప్పుడు అతని కళ్లు మూయిస్తున్నది ఈ గడియారమూ, రాత్రంతా దాచుకున్న నిద్రా.

రెండవది, క్షణాల లెక్క. చూపుకు కన్ను, వినికిడికి చెవి ఉన్నాయి గాని కాలానికి అలాంటి అవయవం లేదు. మన పూర్వులు అడుగున చిల్లి ఉన్న గిన్నెను నీళ్లలో వదిలి, అది మునిగితే ఒక గడియ, అంటే 24 నిమిషాలు, అని లెక్కించేవారు. మెదడులో అలాంటి గిన్నె ఎక్కడా లేదు. మెదడులోని ఎన్నో భాగాలు కలిసి ఈ అంచనా వేస్తాయి. అది మన ధ్యాసను బట్టి సాగుతుంది, కుదించుకుంటుంది. జహీరాబాదు బస్టాండులో బీదరు బస్సు కోసం పదేపదే రోడ్డు వైపు చూసేవారికి పది నిమిషాలే అరగంట. పాత స్నేహితుడు ఎదురైతే అదే పది నిమిషాలు తెలియవు. నొప్పి, భయం, ఒంటరితనం ఉన్నచోట ధ్యాసంతా కాలం మీదే నిలుస్తుంది. అవ్వకు పొద్దు గడవకపోవడానికి కారణం ఇదే. రాహేలు కోసం యాకోబు చేసిన ఏడేండ్ల చాకిరి అతనికి ఎంత స్వల్పంగా తోచిందో ఆదికాండము 29వ అధ్యాయంలో చదువుతాం. ప్రేమ ఉన్నచోట బరువైన కాలం కూడా తేలికవుతుందని పరిశుద్ధ గ్రంథం ఏనాడో చూపించింది.

మూడవది, జ్ఞాపకం. వెనక్కి తిరిగి చూసినప్పుడు మెదడు గంటలను లెక్కపెట్టదు, గుర్తున్న సంగతులను లెక్కపెడుతుంది. చిన్నప్పుడు ధారూరు జాతరలో గడిపిన రెండు మూడు రోజులు ఇప్పటికీ ఎంతో పొడుగ్గా కనబడతాయి. ఆ గుడారాలు, పాటలు, కొత్త ముఖాలు అన్నీ గుర్తే. అదే, ఒకే గోడను చూస్తూ గడిచిన వంద రోజులు ఒక్క రోజులా ముడుచుకుపోతాయి. అవ్వకు క్రిస్మస్ మొన్ననే అయినట్టుండటం అందుకే.

ఇది ముసలితనపు లోపం మాత్రమే కాదు. 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి యువకుడు ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక గుహలో, గడియారం లేకుండా, ఎండ చూడకుండా రెండు నెలలు ఒంటరిగా ఉన్నాడు. సెప్టెంబరు 14న గడువు అయిపోయిందని చెబితే నమ్మలేదు. అతని లెక్కలో అది ఇంకా ఆగస్టు 20. అతని నిద్ర, మెలకువలు మాత్రం దాదాపు 24 గంటల చుట్టులోనే నడిచాయి. ఒంటి గడియారం ఆగలేదు, రోజుల లెక్కే జారిపోయింది. అప్పుడతని వయసు 23 ఏళ్లే.

ఇక్కడ మనం ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. రోజుకు సూర్యుడు గుర్తు, నెలకు చంద్రుడు గుర్తు, ఏడాదికి రుతువులు గుర్తు. వారానికి ఆకాశంలో ఏ గుర్తూ లేదు. పనిచేసి, ఒక దినాన ఆగి, కలిసి ఆరాధించే మనుషులే దాన్ని నిలబెడతారు. వారాన్ని లెక్కపెట్టేది సంఘమే. కాబట్టి మందిరానికి రాలేని వ్యక్తి పోగొట్టుకునేది ఒక్క ఆరాధనను కాదు, వారాన్నే. "ఇయ్యాల ఏం వారం?" అని అవ్వ అడిగితే, నన్ను లెక్కలో ఉంచుకున్నారా అని ఆమె మనల్ని అడుగుతున్నట్టే.

మనం చేయగలిగినవి చిన్న పనులే. తీరిక దొరికినప్పుడు కాకుండా, ఫలానా రోజు ఫలానా వేళకు వస్తామని చెప్పి, ఆ వేళకే వెళ్దాం. అప్పుడు ఆమె ఎదురుచూపుకు ఒక గట్టు దొరుకుతుంది. మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపి ఉదయపు వెలుగు ముఖాన పడేలా చూద్దాం. కంటికి ఆనేచోట పెద్ద అంకెల క్యాలెండరు, గడియారం పెడదాం. వెళ్లిన ప్రతిసారీ ఒక కొత్త కబురు చెబుదాం: ఎవరింట బిడ్డ పుట్టింది, ఎవరి చెరకు కోతకు వచ్చింది. ఈ వారం ఫలానా వారి కోసం ప్రార్థించు అవ్వా అని ఒక పేరు అప్పగించి, మరుసటి వారం ఆ సంగతి తిరిగి చెబుదాం. ఝరాసంగం మండలం మాచనూరులో 2008లో పల్లె స్త్రీలు మొదలుపెట్టిన సంఘం రేడియో లాగా, సొంత యాసలో రోజూ ఒకే వేళకు వినిపించే గొంతు ఏదైనా పూటకు ఒక గుర్తవుతుంది. ఒక హెచ్చరిక కూడా అవసరం. నిన్నటివరకు బాగున్న మనిషి హఠాత్తుగా రాత్రీ పగలూ తెలియకుండా తికమకపడితే అది వయసేలే అని వదిలేయకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.

తన దినాలను లెక్కించడం నేర్పమని మోషే 90వ కీర్తనలో దేవుణ్ని వేడుకున్నాడు. అతడు ఆ ప్రార్థనను తన ఒక్కడి కోసం చేయలేదు, జనులందరి కోసం చేశాడు. దినాల లెక్క ఒంటరిగా నిలిచేది కాదు. మనం పది నిమిషాలు అనుకున్నది ఆమెకు వారమంతటికీ ఏకైక గుర్తు కావచ్చు. వచ్చే ఆదివారం ఆ గుమ్మం తొక్కి, ఆమె అడగకముందే "అవ్వా, ఇయ్యాల ఆదివారం" అని చెప్పే మనసు ప్రభువు మనందరికీ దయచేయును గాక!