కరవు పోయిన ఊరిలో ఆకలి

ఆకలి యన్న మాట వినగానే రాయలసీమవాసులకు కరవు తలపునకు వచ్చును. చెరువు లెండిపోవుట, పశువులను తెగనమ్ముకొనుట, జనము వలస పోవుట, ఇవన్నియు మన పూర్వులు చెప్పిన సంగతులే. 1952లో సయితము ఈ సీమలో గంజి కేంద్రములు నడచినవి. నేడు అట్టి దృశ్యములు కానరావు. ఏర్పేడు మొదలుకొని శ్రీకాళహస్తి వరకు ఏ పల్లెకు పోయినను చౌకధరల దుకాణమున్నది. బడిలో మధ్యాహ్న భోజనమున్నది. అట్లయిన ఆకలి మన ఊళ్లను విడిచిపోయినదని చెప్పవచ్చునా? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము ధాన్యపు కొట్టులో దొరకదు. పసిపిల్లల శరీరములలో దొరకును.

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలను చూడుడు. ఆంధ్రప్రదేశ్‌లో అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 31 మంది వయస్సునకు తగిన ఎత్తు లేనివారు. నూటికి సుమారు 30 మంది తగిన బరువు లేనివారు. 16 మంది ఎత్తునకు తగిన కండ లేక చిక్కిపోయినవారు. ఆరు నెలలు నిండిన పసివారిలో 63 మందికిని, 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో సుమారు 59 మందికిని రక్తహీనత కలదు. ఇవి ఏర్పేటి లెక్కలు కావు, రాష్ట్రమంతటి లెక్కలు. అయినను మన ఊరు ఆ రాష్ట్రములోనిదే గదా!

బియ్యము దొరకుచుండగా ఈ లోటు ఎట్లు కలిగినది? ధాన్యము ఊరిలో నుండుట వేరు, అది ఇంటిలోనికి వచ్చుట వేరు. ఈ సంగతి మన చరిత్రయే నేర్పినది. ధాత సంవత్సరపు కరవు 1876లో మొదలై 1878 వరకు సాగినది. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. ఈ ప్రాంతము ఉత్తర ఆర్కాటు జిల్లాలో చేరియుండెను. లోపలి జిల్లాలలో జనులు అన్నము లేక చనిపోవుచుండగా మద్రాసు సముద్రతీరమున ధాన్యపు బస్తాలు గుట్టలుగా పడియుండెను. కొనుటకు కూలివానికి డబ్బు లేకపోయెను. కరవులకు మూలము పంటలేమి మాత్రమే కాదనియు, ఆహారమును పొందు శక్తి ప్రజలకు లేకపోవుట యనియు ఆచార్య అమర్త్య సేన్ 1981లో తన గ్రంథమున విశదపరచిరి.

నేటి ఆకలియు ఆ జాతిదే. కాని దాని నడక వేరు. వేసవిలో కూలిపనులు సన్నగిల్లినను, శనగ పంట తప్పినను, ఇంటిలో ఒకరికి జబ్బు చేసినను, సంసారమున మొదట తగ్గునది బియ్యము కాదు. మొదట పాలు మానుదురు. పిమ్మట గ్రుడ్డు, పండు పోవును. పప్పు పలుచనగును, నూనె తగ్గును. కడపటికి అన్నము, చారు మాత్రము మిగులును. కడుపు నిండినట్లే యుండును గాని, ఒంటికి పట్టవలసినది పట్టదు. వడ్డనలో సయితము ఒక వరుస కలదు. ఇల్లాలు అందరికిని పెట్టి, మిగిలినదానితో సరిపెట్టుకొనును. ఆమె గర్భవతియైనపుడు ఆ లోటు కడుపులోని బిడ్డకును చేరును.

మన భోజనము మారిన విధమును గూడ గమనింపవలయును. వంద గ్రాముల రాగులలో సుమారు 344 మిల్లీగ్రాముల సున్నము కలదు. అంతే తూకము గల తెల్ల బియ్యములో 10 మిల్లీగ్రాములు మాత్రమే. రాగిసంగటి తిన్న ఇండ్లలో నేడు మూడు పూటలు తెల్లని అన్నమే వండుచున్నారు. వంద గ్రాముల వేరుశనగ పప్పులో 25 గ్రాముల మాంసకృత్తులు కలవు. బియ్యములో అంతకంటె చాల తక్కువ. ఆ శనగను మన పొలములలోనే పండించి, పిల్లలకు పిడికెడైనను మిగుల్చక బండి కెత్తుచున్నాము. అప్పుల బాధ ఎరిగినవారు ఇందుకు రైతును నిందింపరు. అయినను విత్తనమునకు వేరుగా నుంచినట్లే బిడ్డలకును కొంత వేరుగా నుంచుట మన చేతిలోని పని.

ఇక ముఖ్యమైన సంగతి వినుడు. గర్భము ధరించిన నాటినుండి బిడ్డకు రెండేండ్లు నిండువరకు సుమారు వేయి దినములు. ఎత్తు, మెదడు, రోగముల నెదిరించు శక్తి, వీని పునాది ఈ వేయి దినములలోనే పడును. బడిలో పెట్టు అన్నము ఎంత మంచిదైనను ఆరవ యేట గాని అందదు. అప్పటికి జరిగిన నష్టమును పూర్తిగా తీర్చుట కష్టము. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే చాలును. ఆపై తల్లిపాలతోపాటు మెత్తని అన్నము కావలయును. పసివాని పొట్ట చిన్నది. పలుచని గంజితో అది నిండునే కాని బలము రాదు. చెంచాను వంచినంతనే జారిపోనంత చిక్కగా, పప్పు, ఆకుకూర, కొంచెము నూనె, మెత్తగా నూరిన శనగపొడి చేర్చి, తొమ్మిది నెలలు దాటినవానికి దినమునకు మూడు నాలుగు మారులు పెట్టవలయును.

ఈ ఆహారము దానము కాదు, హక్కు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన పథకము వలన అంగన్‌వాడీలు వెలసినవి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము గర్భిణులకును, బాలెంతలకును, ఆరు నెలలు మొదలు ఆరేండ్ల వరకు గల పిల్లలకును అంగన్‌వాడీ ద్వారా ఉచితాహారమును, అర్హత గల కుటుంబములలో మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యమును ఇవ్వవలెనని శాసించినది. అయినను పనులకై వలస పోయిన కుటుంబము, వ్రేలిముద్ర పడని ముదుసలి, కార్డులో పేరు చేరని పసిబిడ్డ, వీరే తరచుగా వెనుకబడుదురు. అట్టివారి పక్షమున మాటలాడుటకు ఊరిలో ఒక పెద్ద కావలయును.

1877లో కరవు పనుల కూలికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, కొంచెము డబ్బును చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. ఆ కొలత పనిచేయు శరీరమును నిలుపజాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించెను. కొన్ని నెలలకే దానిని పెంచవలసి వచ్చెను. ఖజానా లెక్క ఒకటి చెప్పవచ్చును, శరీరపు లెక్క వేరొకటి చెప్పవచ్చును. రెండవదియే నమ్మదగినది.

ఆ లెక్క చూచుట కష్టము కాదు. అంగన్‌వాడీలో తూకపు యంత్రమును, భుజమును కొలుచు రంగుల పట్టీయు ఉండును. ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు బిడ్డకు ఆ కొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గిన జాగ్రత్త పడవలయును; 11.5కు తగ్గిన ఆలస్యము చేయక వైద్యునియొద్దకు తీసికొనిపోవలయును.

ఏర్పేటి చెంతనే దేశప్రసిద్ధములైన విద్యాలయములు రెండు నెలకొన్నవి. వానిలో మన మనుమలు చదువవలెనని మనకు కోరిక. ఆ చదువునకు మొదటి మెట్టు తల్లి కంచములోను, పసివాని గిన్నెలోను ఉన్నది. చెరువులో నీరెంత ఉన్నదని మన మడుగుచుందుము. ఈ నెల ఏ బిడ్డ బరువు పెరుగలేదని కూడ రచ్చబండ యొద్ద అడుగవలయును. అడుగు పెద్ద ఉన్న ఊరిలో ఆకలి దాగియుండజాలదు.