నారు సాగిపోతుంటే జీవామృతం కాదు, వెలుగు చూడండి

పోయిన వానాకాలం కైకలూరు వైపు నుంచి ఒక రైతు వచ్చి, చేపల చెరువు గట్టు మీద వేయడానికి నా దగ్గర వంగ నారు తీసుకెళ్లారు. వారం తిరక్కుండానే ఫోన్. "ఏం నారు ఇచ్చావు తమ్ముడూ, కొల్లేరు గాలికి సగం పడుకుంది" అన్నారు. డబ్బులు తిరిగిచ్చేశాను. నిజం చెప్పాలంటే ఆ నారు సన్నగా, పొడుగ్గా, పాలిపోయి ఉందని చూస్తూనే ఇచ్చాను. పైగా బలం చాలట్లేదేమోనని రెండుసార్లు జీవామృతం పోశాను. దాంతో ఇంకా మెత్తగా లేచింది.

తప్పు ఎక్కడంటే, ట్రేలు కొబ్బరి చెట్ల కింద పెట్టాను. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల మనకి కొబ్బరి నీడ అంటే చల్లగా ఉంటుందని నమ్మకం కదా. చల్లదనం నిజమే. కానీ ఆకు ఎండలోని ఎరుపు, నీలం వెలుగు తాగేసి, మన కంటికి సరిగా ఆనని ముదురు ఎరుపు వెలుగుని కిందకి వదులుతుంది. మొక్కలో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఈ తేడా కనిపెడుతుంది. ముదురు ఎరుపు ఎక్కువైతే "పక్కన, పైన ఇంకో మొక్క ఉంది, దాన్ని దాటాలి" అని మొక్కకి అర్థం. అంతే, వేరుకీ ఆకుకీ పెట్టాల్సింది కాడ పొడుగుకి పెట్టేస్తుంది. ట్రేలో మొక్కలు ఒత్తుగా ఉన్నా ఇదే జరుగుతుంది, ఎందుకంటే పక్క మొక్క ఆకులు కూడా ఆ వెలుగునే కొడతాయి.

నారు ఒక పక్కకి వంగడం వేరే సంగతి. దీన్ని 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల మీద చూపించారు. మొలక కొసకి టోపీ పెడితే వంగలేదు, కింది భాగం కప్పితే వంగింది. అంటే వెలుగుని చూసేది కొస, వంగేది దాని కింద. తర్వాత తేలిందేమిటంటే, నీలం వెలుగు ఒక పక్క నుంచే పడితే ఆక్సిన్ అనే హార్మోన్ నీడ పక్కకి చేరుతుంది, ఆ పక్క కణాలు ఎక్కువ సాగుతాయి, మొలక వెలుగు వైపు ఒరుగుతుంది. జొన్న మొలకల కొసకి అగ్గిపుల్ల ముక్కంత రేకు గొట్టం తొడిగి, చీకటి పెట్టెకి ఒక పక్క చిల్లు పెట్టి మీరూ చూడొచ్చు. మొదటి ఆకు బయటికి రాకముందే చేయాలి. వీడియోలో మా పిల్లలు చేసింది అదే, పెద్దవాళ్లకన్నా ఓపిగ్గా చేశారు.

వంగిన ట్రేని రోజూ తిప్పితే సరిపోతుంది. సాగిన ట్రేకి తిప్పడం పనిచేయదు. ఇప్పుడు నేను మొలక కనపడిన రోజే ట్రేలు చెట్ల కింద నుంచి తీసేస్తున్నాను, ముందు పొద్దున ఎండకి, మెల్లగా పూర్తి ఎండకి. ఒక గుంటలో ఒక్క మొక్కే. రోజుకోసారి అరచేత్తో నారు తలల మీద మెల్లగా నిమురుతాను. గాలి తగిలినట్టు కదిలిన కాడ పొట్టిగా, గట్టిగా వస్తుంది.

ఇప్పటికే సాగిపోయిన నారు చేతిలో ఉంటే, టమాటా అయితే కాడని లోతుగా పూడ్చండి, పూడిన చోట వేళ్లు వేస్తుంది. వంగకి మాత్రం దీన్ని నమ్ముకోకండి. పుల్ల ఊతం కట్టండి, లేదా కొత్తగా విత్తనం వేసుకోండి.