ఆంధ్రా యూనివర్సిటీకి వందేళ్లు: వర్సిటీ చరిత్ర మీ ఇంటి అటక మీద ఉందేమో.. పూర్వ విద్యార్థులు ఏం దాచాలి? ఎలా సేకరించాలి?

ఎస్. రాయవరం (అనకాపల్లి జిల్లా): తాతయ్య ట్రంకు పెట్టె తెరిస్తే ఏముంటుంది? పసుపు రంగుకు తిరిగిన డిగ్రీ పట్టా, హాస్టల్ ముందు దిగిన గ్రూప్ ఫొటో, ఫీజు కట్టిన రసీదు, స్నేహితుడు రాసిన నాలుగు ఉత్తరాలు. ఇల్లు సర్దేటప్పుడు ఇవన్నీ పాత పేపర్లతో కలిసి కిలోల లెక్కన తూకానికి వెళ్లిపోతుంటాయి. కానీ ఒక యూనివర్సిటీ చరిత్ర రాయాలంటే సరిగ్గా ఈ కాగితాలే కావాలి.

1926 ఏప్రిల్ 26న పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీకి 2026 ఏప్రిల్ 26తో వందేళ్లు. మొదటి తరం విద్యార్థులు ఇప్పుడు లేరు. 1940ల్లో చదివినవాళ్లకు తొంభై దాటాయి. అందుకే వర్సిటీ చరిత్ర సామగ్రిని పోగుచేయాలనుకునే పూర్వ విద్యార్థికి ఇక టైమ్ ఎక్కువ లేదు. అసలు ఈ పని ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ముందు రాయవరం వెళ్లాలి.

రాయవరంలో పుట్టి.. మద్రాస్ పట్టా పుచ్చుకుని..

సర్వసిద్ధి రాయవరం అంటేనే ఎస్. రాయవరం. మహాకవి గురజాడ అప్పారావు 1862 సెప్టెంబర్ 21న ఇక్కడే, మేనమామ ఇంట్లో పుట్టారు. విజయనగరం మహారాజా కాలేజీలో చదివి 1886లో బీఏ పాసయ్యారు. అప్పటికి తెలుగు గడ్డ మీద ఆంధ్రా యూనివర్సిటీ లేదు. ఆ కాలేజీ 1857లో మొదలైన మద్రాస్ యూనివర్సిటీ కింద ఉండేది. అంటే గురజాడ మద్రాస్ వర్సిటీ పూర్వ విద్యార్థి అన్నమాట.

1911లో అదే వర్సిటీ ఆయన్ను బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లోకి తీసుకుంది. విద్యార్థులు తెలుగు వ్యాసాలు ఏ భాషలో రాయాలి? గ్రాంథికంలోనా, వాడుక భాషలోనా? ఈ గొడవ ముదిరినప్పుడు గురజాడ వాడుక భాష పక్షాన నిలబడ్డారు. 1914లో పెద్ద అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. అయినా అప్పట్లో గ్రాంథికానిదే పైచేయి అయింది. 1915 నవంబర్ 30న ఆయన కన్నుమూశారు.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. ఆఫీసు ఫైళ్లలో గెలిచినవాళ్ల నిర్ణయం పదిలంగా ఉంటుంది. ఓడినవాళ్లు ఏమన్నారో ఎవరో ఒకరు దాస్తేనే మిగులుతుంది. గురజాడ అసమ్మతి పత్రం అచ్చై మిగిలింది కాబట్టే ఆ రోజు రెండో పక్షం వాదన ఏంటో ఈ రోజు చదవగలుగుతున్నాం.

దాచకపోతే ఏమవుతుందో చెప్పడానికీ గురజాడే ఉదాహరణ. 'కన్యాశుల్కం' మొదటి కూర్పు 1897లో అచ్చయింది. 1909లో ఆయనే దాన్ని బాగా మార్చి, పెంచి మళ్లీ వేశారు. జనం చదివింది ఆ రెండోదే. మొదటిది దొరకడమే గగనమైపోయింది. చివరికి బంగోరెగా పేరుపడ్డ బండి గోపాలరెడ్డి పట్టుబట్టి వెతికి, 1969లో దాన్ని మళ్లీ అచ్చు వేయించారు. ఒక్క మనిషి పట్టుదలతో తెలుగువాళ్లకు ఒక పుస్తకం తిరిగి దొరికింది.

వర్సిటీ కాగితాలు ఎందుకు చెదిరిపోయాయి?

ఆంధ్రా యూనివర్సిటీ మొదటి నుంచీ ఒక్క చోట కుదురుగా లేదు. మొదట బెజవాడలో మొదలైంది. ఏ ఊళ్లో ఉండాలన్న దానిపై పెద్ద పేచీయే నడిచింది. చివరికి 1930లో వాల్తేరు చేరింది. మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి బ్రిటిష్ సర్కారు అణచివేతకు నిరసనగా అదే ఏడాది రాజీనామా చేశారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఆయన హయాంలోనే, 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడ ఉపన్యాసాలు ఇచ్చారు. 1936లో కట్టమంచి మళ్లీ వీసీగా తిరిగొచ్చారు.

1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాన్ బాంబులు పడ్డాయి. వర్సిటీ గుంటూరుకు తరలిపోయింది. యుద్ధం ముగిశాక 1946లో వెనక్కి వచ్చింది. తర్వాత 1976లో నాగార్జున యూనివర్సిటీ, ఆ తర్వాత రాజమహేంద్రవరం, శ్రీకాకుళం, మచిలీపట్నంలో కొత్త వర్సిటీలు వచ్చాయి. ఒకప్పుడు ఏయూ కింద ఉన్న కాలేజీలు వాటి కిందకు వెళ్లాయి. ఇన్ని మార్పులు చూసిన సంస్థ కథ ఒక్క బీరువాలో దొరుకుతుందా? అది చెన్నైలో కొంత, గుంటూరులో కొంత, వేల ఇళ్లలో కొంత ఉంటుంది.

ఏమేం సేకరించాలి?

* గ్రూప్ ఫొటోలు, కాన్వొకేషన్ ఫొటోలు, కాలేజీ మ్యాగజైన్లు, సావనీర్లు
* హాల్ టికెట్లు, ఫీజు రసీదులు, మెస్ బిల్లులు, పాత ప్రశ్నపత్రాలు
* విద్యార్థి సంఘాల కరపత్రాలు, నాటకాల ఆహ్వాన పత్రికలు
* ఉత్తరాలు, డైరీలు, క్లాసు నోట్సు

మెస్ బిల్లులో ఏముంటుందని అనుకోవద్దు. ఆ ఏడాది నెల భోజనం ఎంతో అది చెబుతుంది. దాని పక్కన తండ్రి జీతం పెట్టి చూస్తే, అప్పట్లో ఎవరు చదువుకోగలిగారో, ఎవరు మధ్యలో మానేశారో అర్థమవుతుంది. వీసీల ఉపన్యాసాల్లో ఆ సంగతి కనిపించదు. లైబ్రరీ అటెండర్లు, హాస్టల్ వంటవాళ్లు, ల్యాబ్ సిబ్బంది కుటుంబాలనూ కలవాలి. వర్సిటీని నడిపినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

బయట ఎక్కడ వెతకాలి?

వర్సిటీలోని వి.ఎస్. కృష్ణా లైబ్రరీ నుంచి మొదలుపెట్టడం మంచిది. 1926కి ముందు సంగతులు, ఆంధ్రా యూనివర్సిటీ బిల్లుపై మద్రాస్ శాసనమండలి చర్చలు కావాలంటే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఆంధ్రపత్రిక లాంటి పాత పత్రికలను ప్రెస్ అకాడమీ డిజిటల్ చేయించింది. ఆ రోజుల్లో వర్సిటీ ఏ ఊళ్లో ఉండాలని ఎవరు వాదించారో వాటిలో వెతకొచ్చు.

ఫోన్‌తోనే చేయొచ్చు.. కానీ ఇవి మరవొద్దు

ఫొటోను ఎండ తగలని వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయాలి. స్కానర్ ఉంటే కాగితాలకు 300, ఫొటోలకు 600 డీపీఐ పెట్టుకోవాలి. వెనకవైపు రాత ఉంటే అదీ తీయాలి. చాలాసార్లు పేర్లు, తేదీలు అక్కడే ఉంటాయి.

చిరిగిన కాగితానికి సెల్లో టేప్ వేయొద్దు, లామినేషన్ అసలు చేయించొద్దు. తుప్పు పట్టిన గుండుసూదులు నెమ్మదిగా తీసేయాలి. తీరప్రాంతంలో తేమ, చెదలు పెద్ద శత్రువులు. అందుకే పెట్టెను నేల మీద, గోడకు ఆనించి పెట్టకూడదు.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఫ్యాన్ శబ్దం లేని గదిలో రికార్డ్ చేయాలి. 'ఏ సంవత్సరం?' అని గట్టిగా అడిగితే చాలామందికి గుర్తు రాదు. 'అప్పుడు ఏ సినిమా ఆడుతోంది? మీకు పెళ్లయిందా?' అని అడిగితే తీగ లాగినట్టు అన్నీ వస్తాయి.

అయితే చెప్పిందల్లా రాసేయకూడదు. 'బాంబులు పడ్డాక వర్సిటీ మూతపడింది' అని ఎవరైనా చెప్పొచ్చు. నిజానికి అది గుంటూరులో నడిచింది. జ్ఞాపకాన్ని, కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ కలవకపోతే రెండింటినీ రాసిపెట్టాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి అనుమతి. మార్కులు, చిరునామాలు, సొంత ఉత్తరాలు ఇంట్లోవాళ్లు సరే అనకుండా బయట పెట్టకూడదు. అసలు కాగితం వాళ్ల దగ్గరే ఉంచి కాపీ తీసుకుంటే చాలామంది ఒప్పుకుంటారు. తీసిన కాపీలు కనీసం మూడు చోట్ల ఉండాలి. అందులో ఒకటి లైబ్రరీకి ఇవ్వాలి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు ఇచ్చారో రాయని ఫొటో పదేళ్లు పోతే ఎవరిదో తెలియని ఫొటోగా మిగులుతుంది.

ఇదంతా చేయడానికి చరిత్రలో పట్టా అక్కర్లేదు. ఈ ఆదివారం ఊరెళ్లినప్పుడు అటక మీద పెట్టె దించి, అందులోని ఫొటోలో నిలబడినవాళ్ల పేర్లు అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రాసుకుంటే చాలు. ఆ పేర్లు చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఉండగానే ఆ పని అయిపోవాలి.