పెన్న కోసిన కొండలు

1652లో జాన్ బాప్టిస్ట్ తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు మద్రాసు నుంచి గండికోటకు బయలుదేరాడు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా అప్పుడు అక్కడ విడిది చేసి ఉన్నాడు. దారిలో ఒంటిమిట్ట కోదండరాముని గుడి చూసి, దేశంలోని గొప్ప గుళ్ళలో ఇదొకటని తావెర్నియే తన యాత్రా గ్రంథంలో రాశాడు. ఇప్పటికీ సీమకు వచ్చే యాత్రికులు ఇంచుమించు ఆ దారే పడతారు. ఒంటిమిట్టలో దర్శనం చేసుకుని, కడప మీదుగా గండికోట లోయ చూసి, ఓపిక ఉంటే బెలుం గుహల దాకా వెళ్తారు. మూడు చోట్లా ఫొటోలు దిగుతారు. ఆ కొండ అక్కడ ఎందుకు నిలిచింది, ఆ నది దాన్ని ఎలా కోసింది, ఆ గుహ పొలాల కింద ఎలా తొలుచుకుంది అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. నిజానికి ఈ మూడింటి వెనకా ఉన్నది ఒకే చరిత్ర.

ఒంటిమిట్ట గుడి ముందు నిలబడి చుట్టూ చూస్తే మూడు పక్కల కొండలు కనిపిస్తాయి. నైరుతిన పాలకొండలు, ఉత్తరాన పెన్నకు అవతల లంకమల, తూర్పున దూరంగా వెలికొండలు. నడుమ భూమి పొలాలతో, చెరువుతో సాపుగా ఉంటుంది. ఈ ఎత్తుపల్లాలకు కారణం రాతిలోనే ఉంది. కొండలది క్వార్ట్జైట్, అంటే ఇసుక రేణువులు భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ ఒకదానికొకటి అతుక్కుపోయి గట్టిపడిన రాయి. సుత్తితో కొడితే నిప్పురవ్వలు లేస్తాయి గానీ తొందరగా పగలదు. లోయ అడుగున ఉన్నది బంకమట్టి గట్టిపడి ఏర్పడిన పలకరాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దీనికి రాజంపేట దగ్గరి పుల్లంపేట పేరే పెట్టారు. మన చిన్నప్పటి బడిపలకలకు రాయినిచ్చిన మార్కాపురం పొరలు కూడా ఈ వరసవే. పలకరాయి వానకూ ఎండకూ పొరలు పొరలుగా ఊడి కొట్టుకుపోతుంది, క్వార్ట్జైట్ నిలబడుతుంది. కోట్ల ఏళ్ళు ఇలా సాగేసరికి మెత్తని రాయి ఉన్న చోట లోయ, గట్టి రాయి ఉన్న చోట కొండ మిగిలాయి.

కొండ మీద పెరిగే చెట్టును నిర్ణయించిందీ ఈ రాయే. ఎర్రచందనం ప్రపంచం మొత్తం మీద సహజంగా పెరిగేది ప్రధానంగా శేషాచలం, పాలకొండ, లంకమల, వెలికొండ అడవుల్లోనే. నీళ్ళు నిలవని, మట్టి పలచగా ఉన్న రాతి వాలులే దానికి అనువు.

ఈ రాళ్ళన్నీ చేరిన పల్లాన్ని ప్రపంచమంతా కడప బేసిన్ అంటుంది. నెలవంక ఆకారంలో సుమారు 44,000 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న ఈ పల్లం ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం. అడుగున ఉన్న గ్రానైటు నేల కుంగింది, అందులోకి నీరు చేరింది, నీటి వెంట ఇసుక, బంకమన్ను, సున్నం వచ్చి పొర మీద పొర పడ్డాయి. అన్నీ కలిపితే మందం 10 కిలోమీటర్లకు మించుతుందని అంచనా. పులివెందుల దగ్గర ఈ పొరల మధ్యకు చొరబడి గడ్డకట్టిన శిలాద్రవపు రాతి వయసు కొలిస్తే 188 కోట్ల ఏళ్ళ పైచిలుకు తేలింది. అది చొచ్చుకొచ్చిన పొరలు అంతకన్నా పాతవి. చేపలు, చెట్లు, డైనోసార్లు అప్పటికి లేవు. ఉన్నవి కంటికి కనపడని సూక్ష్మజీవులు. అవి తీరపు నీళ్ళలో జిగురు చాపల్లా పెరిగి, సున్నాన్ని పట్టుకుని కట్టిన పొరల గుట్టలను స్ట్రోమటోలైట్లు అంటారు. వేంపల్లె చుట్టుపక్కల సున్నపురాళ్ళలో ఆ పొరలు గుండ్రంగా, ఉల్లిపొరల మాదిరి ఇప్పటికీ కనబడతాయి. ఇలాంటి జీవులే సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకుంటూ గాలిలోకి ఆక్సిజన్ వదిలాయి. మనం పీల్చే గాలికి మొదలు వాటి దగ్గరే.

ఈ పొరలను వరసపెట్టి వర్ణించినవాడు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్. కడప, కర్నూలు పొరల మీద ఆయన గ్రంథం 1872లో వచ్చింది. అక్కడి నుంచి మన ఊళ్ళ పేర్లు రాళ్ళ పేర్లయ్యాయి: వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. అన్నిటికన్నా అడుగున ఉన్న గట్టి రాతి పొర పేరు గువ్వలచెరువు. కడప నుంచి రాయచోటికి పోయేవాళ్ళు పాలకోవా కోసం బండి ఆపే ఊరే అది. ఘాటు ఎక్కుతూ రోడ్డు పక్కన కోసిన రాతిని చూసేవాళ్ళు తక్కువ. ఇదే రాతి వరస దక్షిణాన తిరుమల దాకా సాగుతుంది. అక్కడ ఘాట్ రోడ్డులో గ్రానైటు మీద క్వార్ట్జైట్ కూర్చున్న గీత స్పష్టంగా కనిపిస్తుంది. కింది రాయికీ పై రాయికీ మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ళ తేడా. అంటే అరచేయి ఆనించినంత చోటులో 80 కోట్ల ఏళ్ళ కాలం గడిచిపోయింది. దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు. 2025లో తిరుమల కొండల సహజ వారసత్వం యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది.

బేసిన్ పడమటి సగంలో పొరలు వేసినవి వేసినట్టే కొద్దిపాటి వాలుతో పడుకుని ఉన్నాయి. తూర్పు సగం అలా లేదు. పరిచిన చాపను ఒక పక్క నుంచి నెడితే మడతలు లేచినట్టు, తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి నల్లమల, వెలికొండ పొరలు ముడుచుకుపోయాయి. ఒంటిమిట్ట ఈ మడతల సీమలో ఉంది, గండికోట సాపు పొరల సీమలో ఉంది. రెండు చోట్లా కొండల రూపురేఖలు వేరుగా ఉండటానికి కారణం ఇదే.

ఒంటిమిట్ట నుంచి వెనక్కి భాకరాపేట మీదుగా సిద్ధవటం చేరితే పెన్న ఒడ్డునే కోట. మట్లి రాజుల కాలంలో వెలిగిన ఈ ఊరు 1808 నుంచి 1812 దాకా కడప జిల్లాకు ముఖ్యపట్టణం కూడా. కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు ప్రయాణించే పెన్న, కడప మైదానం దాటి తూర్పు కొండల్లోకి దూరేది ఇక్కడే. కోటగోడ ఎక్కితే ఒక పక్క ఇసుకమేటల నది, మరో పక్క లంకమల. ఆ లంకమల అంచు చిట్టడవుల్లోనే 1986లో కలివికోడి మళ్ళీ కనిపించింది. 1848లో జెర్డన్ అనే ప్రకృతి పరిశోధకుడు తొలిసారి కనుగొన్న ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు. రెడ్డిపల్లె దగ్గర దాన్ని తిరిగి వెలుగులోకి తెచ్చిన పరిశోధకులకు దారి చూపింది స్థానిక వేటగాళ్ళ ఎరుకే.

ఇక గండికోట. ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసుకుని పోయిన చోటు ఇది. రఘునాథస్వామి గుడి దాటి బండల మీదుగా అంచుకు చేరితే, కింద సుమారు 300 అడుగుల లోతులో నీళ్ళు. ఎదుటి గోడ అడ్డపొరలుగా, ఆ పొరలు నిలువు చీలికలతో దిమ్మెలుగా విడిపోయి ఉంటుంది. ఆ చీలికలే లోయకు నిటారు గోడలనిచ్చాయి. వరదలో నది మోసుకొచ్చే ఇసుక, గుండ్రాళ్ళు అడుగును అరగదీస్తాయి, గోడ పాదం బోలవుతుంది, పైన ఆధారం పోయిన దిమ్మె చీలిక వెంబడి తెగి పడుతుంది. రాయి మెత్తనిదైతే గోడ జారి వాలుగా మారేది. క్వార్ట్జైట్ కాబట్టి నిలువుగా తెగుతుంది. రాతిలోని కొద్దిపాటి ఇనుము గాలికి తుప్పుపట్టి సాయంత్రపు ఎండలో గోడకు ఎరుపునిస్తుంది.

అంత పెద్ద కొండను చుట్టి పోకుండా నది నడిమధ్యన ఎందుకు కోసింది? ఇలాంటి గండ్లకు శాస్త్రం రెండు కారణాలు చెబుతుంది. నది ముందే పారుతుండగా కింద నేల మెల్లగా లేస్తే, లేచినంత మేరా కోసుకుంటూ నది తన దారిని నిలుపుకుంటుంది. లేదా, ఒకప్పుడు కొండను కప్పి ఉన్న మెత్తని పొరల మీద దారి ఏర్పరచుకున్న నది, ఆ పొరలు కొట్టుకుపోయాక గట్టి రాయి తగిలినా పాత దారి మార్చుకోదు. రెంటిలో ఏదైనా, కొండకు ఇప్పుడున్న రూపం రాకముందే నది దారి ఖాయమైంది. ఈ గండి చూసే కోట కట్టారు: లోయే కాపలా. ఇప్పుడు ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. నదికి పాత వరద బలం లేదు.

అంచున నిలబడి లోయను చూసే ముందు కాళ్ళ కింది బండను చూడాలి. కొన్ని బండల మీద వేలెడు వెడల్పున సన్నని గట్లు వరసగా ఉంటాయి. అవి ఆనాటి సముద్రపుటొడ్డున లోతు తక్కువ నీళ్ళలో అలలు ముందుకూ వెనక్కూ ఆడుతుండగా ఇసుక మీద పడ్డ గుర్తులు. వేలితో తడిమితే గట్టుకూ గట్టుకూ మధ్య పల్లం తగులుతుంది. 300 అడుగుల లోయ కన్నా ఈ వేలెడు గట్టే పెద్ద వింత.

గండికోట నుంచి కొలిమిగుండ్ల వైపు పోతే రాయి మారుతుంది. కడప పొరల మీద తర్వాతి కాలంలో పరుచుకున్న కర్నూలు పొరలు ఇవి. వీటిలోని నార్జి సున్నపురాయే తెలుగిళ్ళలో పరిచే నాపరాయి, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకు కూడా. దీన్ని నీరు అరగదీయటమే కాక కరిగిస్తుంది. వాన చినుకు గాలి నుంచీ మట్టి నుంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలచని ఆమ్లమవుతుంది. చీలికల్లోకి దిగి సున్నాన్ని కరిగించుకుంటూ పోతుంది. అలా తయారైనవే బెలుం గుహలు. బయట చూస్తే కొండ లేదు, చదును పొలం, అందులో బావిలాంటి గుంత. లోపల 3,229 మీటర్ల సొరంగాలు, అట్టడుగున పాతాళగంగ. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని నమోదు చేశాడు. 1982, 83లలో గుహల పరిశోధకుడు గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం కొలతలు తీసింది. 2002లో ప్రజలకు తెరిచారు.

ఈ బేసిన్ రాళ్ళలో ఖనిజమూ ఉంది. ఒంటిమిట్టకు దక్షిణాన, ఆ ఊరి మీదుగా పోయే రైలుమార్గం మీదే ఓబులవారిపల్లె దగ్గర మంగంపేట ముగ్గురాయి గనులున్నాయి. ప్రపంచంలోని అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఇదొకటి, జాతీయ భూగర్భ స్మారకం కూడా. చమురు బావులు తవ్వేటప్పుడు బురదకు బరువు పెంచేందుకు ఈ పొడి దేశదేశాలకు పోతుంది.

తావెర్నియే దేశమైన ఫ్రాన్సులో ఆర్దేష్ అనే పల్లె ప్రాంతం ఉంది. అక్కడా ఒక నది సున్నపురాతిని కోసి లోయ చేసింది. రాతిని తొలిచి 54 మీటర్ల ఎత్తున కమాను నిలిపింది. లోయ అంచునే వంపులు తిరిగే రోడ్డు మీద అక్కడక్కడా ఆగి చూసే చోట్లు కట్టారు. 1994లో అక్కడ బయటపడ్డ షోవే గుహలోని ఆదిమానవుల బొమ్మలు జనం ఊపిరి తగిలితే చెడతాయని, అసలు గుహను మూసేసి 2015లో నమూనా గుహ కట్టి చూపిస్తున్నారు. మన లోయ రాయి దాని కన్నా ఎన్నో రెట్లు పాతది. మన దగ్గర లోపించింది శ్రద్ధే.

చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. గండికోట అంచున, గువ్వలచెరువు ఘాటులో, సిద్ధవటం కోట మీద తెలుగులో నాలుగు వాక్యాల బోర్డు పెడితే చాలు. కడప, కర్నూలు జిల్లాల బడులు విహారయాత్రకు పిల్లలను ఎలాగూ తీసుకెళ్తాయి. వెంట సైన్సు మాస్టారు ఒకరు ఉండి ఈ రాళ్ళ దగ్గర పది నిమిషాలు ఆపాలి. ఇక వెళ్ళేవాళ్ళకు: అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. లోయ అంచు దిమ్మెలు చీలికల మీద నిలబడి ఉన్నవి, చివరిదాకా పోకండి. బండల మీద పేర్లు చెక్కకండి, అలల గుర్తులున్న రాతి ముక్కలు ఇంటికి తీసుకురాకండి, పిల్లలకు అక్కడే చూపించండి.