పాత కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టలేషన్ విఫలమైనప్పుడు

8.4.1 ముందుగా ఒక హెచ్చరిక

గత భాగంలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇన్‌స్టాల్ చేసే క్రమాన్ని తెలుసుకొన్నారు. అక్కడ ప్రతి మెట్టూ అనుకొన్నట్టే సాగింది. మీ ఇంట్లోని పదిహేనేళ్ల నాటి కంప్యూటర్ ముందు కూర్చొన్నప్పుడు అలా సాగకపోవచ్చు. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11ను అంత పాత యంత్రాలకు ఆ సంస్థ అనుమతించదు. కాబట్టి కోర్ 2 డ్యుయో కాలపు డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసుకొని ప్రాక్టికల్స్ చేసుకోవాలని మీలో కొందరైనా అనుకొంటారు.

ఇన్‌స్టలేషన్ సగంలో ఆగుతుంది. మళ్లీ మొదలుపెడతారు, మళ్లీ ఆగుతుంది. మూడోసారి విసుగుతో, డిస్కు మొత్తాన్ని చెరిపివేసే ఎంపికను నొక్కుతారు. పాత ఫోటోలు, అన్నయ్య ప్రాజెక్టు రిపోర్టు, ఇంటి లెక్కలు పోయేది అప్పుడే. ఆగిపోయిన ఇన్‌స్టలేషన్ వల్ల కంటే, దాన్ని సరిచేయాలన్న తొందర వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

అందుచేత మొదటి పని ఫైళ్లను బయటికి తీసుకోవడం. ఉబుంటు, లినక్స్ మింట్ వంటివి పెన్‌డ్రైవ్ నుంచి, హార్డ్‌డిస్క్‌లో ఏమీ రాయకుండానే నడుస్తాయి. ఈ పద్ధతిని 'లైవ్' అంటారు. అలా నడిపి, కావలసిన ఫైళ్లను మరో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. 'మరో' అనడానికి కారణం ఉంది: ఇన్‌స్టలేషన్ కోసం సిద్ధం చేసే పెన్‌డ్రైవ్‌లోని పాత సమాచారమంతా చెరిగిపోతుంది. ఒకవేళ డిస్కులోని విభాగాలు ఇప్పటికే చెరిగిపోయి ఉంటే, ఆ డిస్కుపై ఇంకేమీ రాయకండి. విభాగాల పట్టిక పోయినా, దానిపై కొత్త సమాచారం చేరనంతవరకు పాత సమాచారం చాలావరకు అక్కడే ఉంటుంది. టెస్ట్‌డిస్క్ వంటి ఉచిత ప్రోగ్రాములు పోయిన విభాగాలను వెదికి చూపగలవు.

8.4.2 ఎక్కడ ఆగింది?

వైద్యుడు 'ఒంట్లో బాగాలేదు' అన్న మాటతో మందు రాయడు. 'ఇన్‌స్టాల్ కావడం లేదు' అన్న మాట కూడా అలాంటిదే. ఆగిన చోటును కాగితం మీద రాసుకోండి, తెరమీది సందేశాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. సగం జవాబు అందులోనే ఉంటుంది.

పెన్‌డ్రైవ్ నుంచి అసలు మొదలే కాకపోతే హార్డ్‌డిస్క్‌ను అనుమానించనక్కరలేదు. బయోస్‌లో బూట్ వరుస చూడండి. వెనకవైపు ఉన్న మరో యూఎస్‌బీ రంధ్రంలో పెట్టి చూడండి. బయోస్‌లోని తేదీని కూడా గమనించండి. అది ఎన్నో ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డుమీది నాణెం వంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టే. విద్యుత్తు తీసినప్పుడల్లా మీరు మార్చిన అమరికలు పాతవాటికి తిరిగిపోతాయి. అంతేకాదు, తేదీ తప్పైతే ఇంటర్నెట్ నుంచి ప్యాకేజీలు తెచ్చుకొనే దశలో, భద్రతా ధ్రువపత్రాలు చెల్లవంటూ ఇన్‌స్టలేషన్ ఆగవచ్చు. చిన్న బ్యాటరీ మారిస్తే పోయే చిక్కు ఇది.

మొదలైన వెంటనే, ప్రాసెసర్ ఎక్స్86-64 రకానిది కాదంటూ సందేశం వచ్చి ఆగితే, మీరు 32 బిట్ ప్రాసెసర్‌కు 64 బిట్ వ్యవస్థను ఇస్తున్నారు. కోర్ 2 డ్యుయోకు ఈ ఇబ్బంది లేదు. 2008లో వచ్చిన చిన్న నెట్‌బుక్‌లలో వాడిన ఆటమ్ ఎన్270కి ఉంది. ఉబుంటు డెస్క్‌టాప్ 17.10 నుంచి 32 బిట్ ఇన్‌స్టలేషన్ ఇవ్వడం లేదు. డెబియన్ 12లో అది ఉంది, 13లో లేదు. ఇక్కడ ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితం మారదు. సరైన ప్రతిని ఎంచుకోవడమే మార్గం.

డిస్కును ఎంచుకొనే దశలో విండోస్ మరో రకంగా మొరాయిస్తుంది: ఈ డిస్కు జీపీటీ పద్ధతిలో ఉంది కనుక ఇన్‌స్టాల్ చేయలేనని, లేదా ఎంబీఆర్ పద్ధతిలో ఉంది కనుక వీలుకాదని చెబుతుంది. చాలామంది డిస్కును చెరిపివేసేది ఈ సందేశం చూసే. నిజానికి లోపం డిస్కులో ఉండకపోవచ్చు. బయోస్ పద్ధతిలో మొదలైన విండోస్ ఎంబీఆర్ డిస్కును కోరుతుంది, యూఈఎఫ్ఐ పద్ధతిలో మొదలైనది జీపీటీని కోరుతుంది. రెండు పద్ధతులూ తెలిసిన కంప్యూటర్‌లో బూట్ పట్టికను తెరిస్తే ఒకే పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపించవచ్చు, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. ఒకటి ఎంచుకొన్నప్పుడు ఈ సందేశం వస్తే, కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెట్టి రెండోది ఎంచుకోండి. ఒక్క ఫైలూ పోకుండా పని జరగవచ్చు.

8.4.3 ఫైళ్లను కాపీ చేస్తూ ఆగిపోవడం

పాత యంత్రాలలో ఎక్కువ తికమక పెట్టేది ఈ దశే. ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకోండి: ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందా, ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోందా?

ఒకేచోట ఆగుతుంటే అక్కడ చదవవలసిన లేదా రాయవలసిన భాగం చెడిపోయి ఉండవచ్చు. మొదట డౌన్‌లోడ్ చేసిన ఫైలును అనుమానించండి. ఆయా సంస్థలు తమ ఫైలుతోపాటు షా-256 అనే పొడవాటి సంఖ్యను ప్రకటిస్తాయి. మీ ఫైలుకు అదే సంఖ్యను లెక్కించి పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు పనికిరాదు. సంఖ్యలు సరిపోతే మరో పెన్‌డ్రైవ్‌లో వేసి చూడండి. అప్పటికీ అక్కడే ఆగితే హార్డ్‌డిస్క్ వంతు. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకొనే 'స్మార్ట్' వివరాలను లైవ్ పద్ధతిలో చదవవచ్చు. మార్చిన సెక్టార్లు, మార్పుకోసం ఎదురుచూస్తున్న సెక్టార్లు అన్న వరుసలలో సంఖ్యలు పెరుగుతూపోతుంటే, ఆ డిస్కుకు ఇక మీ ఫైళ్లను అప్పగించకండి.

ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే ముందుగా అనుమానించవలసింది ర్యామ్‌ను. ఇది విద్యార్థులకు వింతగా తోస్తుంది. 'విండోస్ బాగానే నడిచింది కదా, ర్యామ్ ఎలా చెడుతుంది?' అని సంపర్క తరగతుల్లో తరచు అడుగుతారు. మామూలు వాడకంలో ర్యామ్‌లో కొంతభాగమే నిండుతుంది. ఇన్‌స్టలేషన్ సమయంలో కుదించిన ఫైళ్లను విప్పుతూ, సరిచూస్తూ, రాస్తూ ఉండడంవల్ల దాదాపు ప్రతి మూలా వాడుకలోకి వస్తుంది. చెడిన ఒక్క బిట్ చాలు, విప్పిన ఫైలు తప్పుగా తేలడానికి. సందేశంలో మాత్రం 'ఫైలు చెడిపోయింది' అనే ఉంటుంది. పాపం, నింద పెన్‌డ్రైవ్‌మీద పడుతుంది!

మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవ్ నుంచి నడపండి. ఒక ఆవృత్తి పూర్తి కావడానికి గంటల సమయం పట్టవచ్చు, రాత్రిపూట వదిలేయడం మేలు. ఎర్రని వరుస ఒక్కటి కనిపించినా ఫర్వాలేదనుకోకండి. రెండు ర్యామ్ ముక్కలుంటే విద్యుత్తు తీగను పూర్తిగా తీసి, ఒక్కొక్కదాన్నే ఉంచి పరీక్షించండి. కొన్నిసార్లు తీసి, ధూళి తుడిచి, తిరిగి గట్టిగా అమర్చడంతోనే లోపం పోతుంది. పరీక్ష శుభ్రంగా వచ్చినా యంత్రం దానంతటదే ఆరిపోతుంటే, ప్రాసెసర్ ఫ్యానులో పేరుకొన్న ధూళిని, పవర్ సప్లైని చూడండి.

8.4.4 పూర్తయింది, కానీ లేవదు

చివరి మెట్టులో ఒక తమాషా ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టి ఉంచితే లినక్స్ లేస్తుంది, తీస్తే లేవదు. వ్యవస్థ హార్డ్‌డిస్క్‌లోనే ఉంది. దాన్ని పిలిచే గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాము మాత్రం పొరపాటున పెన్‌డ్రైవ్‌లో చేరింది. గ్రబ్‌ను ఏ డిస్కులో ఉంచాలని అడిగినప్పుడు పరిమాణం చూసి ఎంచుకోవాలి: 160 జీబీ అన్నది హార్డ్‌డిస్క్, 8 జీబీ అన్నది పెన్‌డ్రైవ్. మొత్తం మళ్లీ చేయనక్కరలేదు. డెబియన్ ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌లో 'రెస్క్యూ' పద్ధతిని ఎంచుకొని, గ్రబ్‌ను మాత్రమే హార్డ్‌డిస్క్‌లో తిరిగి ఉంచవచ్చు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

ఒక విద్యార్థి కంప్యూటర్‌లో 2 జీబీ ర్యామ్ ముక్కలు రెండున్నాయి. ఇన్‌స్టలేషన్ మొదటిసారి 34 శాతం దగ్గర, రెండోసారి 71 శాతం దగ్గర, మూడోసారి 12 శాతం దగ్గర ఆగింది. షా-256 సంఖ్య సరిపోయింది. అతడు కొత్త హార్డ్‌డిస్క్ కొనాలనుకొంటున్నాడు. దుకాణానికి వెళ్లే ముందు అతడు ఏయే పరీక్షలు, ఏ వరుసలో చేయాలి? కారణాలతో పది వాక్యాల్లో రాయండి.